ఎయిర్ రైఫిల్ ట్రిగ్గరు స్ప్రింగు కోయమనే సలహా ఎందుకు తప్పు

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఎయిర్ రైఫిల్ సాధన చేసే కుర్రవాళ్ల ఫోన్లలో ఒక సలహా విరివిగా తిరుగుతోంది. చవక రైఫిల్ ట్రిగ్గరు బిగువుకు దాని స్ప్రింగే కారణమని, అందులో రెండు చుట్లు కత్తిరించి, సియర్‌ను (ట్రిగ్గరు నొక్కేవరకు రైఫిల్‌ను పేలకుండా పట్టి ఉంచే కొక్కేన్ని) ఆకురాయితో అరగదీస్తే అది పోటీ రైఫిల్‌కు దీటవుతుందని, సేఫ్టీ ఉంది గనుక భయం లేదని అందులో చెబుతున్నారు. ఇవన్నీ తప్పులే, స్ప్రింగు కోయడం, సియర్ అరగదీయడం అయితే వేళ్లు తెగే ప్రమాదాన్ని తెచ్చిపెట్టేవి.

బారెల్ వంచి ఎక్కించే చవక స్ప్రింగు రైఫిళ్లలో చాలావాటిలో సియర్ గాలిని నెట్టే పిస్టన్‌నే నేరుగా పట్టి నిలుపుతుంది. ప్రధాన స్ప్రింగు బలమంతా ఆ చిన్న అంచు మీదే పడుతుంది కాబట్టి, ట్రిగ్గరు నొక్కడమంటే ఆ ఒత్తిడిలో రెండు ఉక్కు ముఖాలను ఒకదాని మీద ఒకటి జరపడమే. బిగువులో ఎక్కువ భాగం ఈ రాపిడిదే. ట్రిగ్గరు స్ప్రింగు అసలు పని సియర్‌ను తిరిగి దాని చోటికి నెట్టడం. దాన్ని కోసి బలహీనపరిస్తే సియర్ సగమే పట్టుకోవచ్చు. పెల్లెట్ (చిన్న గుండు) పెడుతున్న సమయంలో అది జారితే తెరిచి ఉన్న బారెల్ ఒక్క విసురున మూసుకుంటుంది, వేళ్లు ఆ సందులోనే ఉంటాయి.

ఆకురాయి సంగతి ఇంకా ఘోరం. సియర్ సాధారణంగా పైపొర మాత్రమే గట్టిపరచిన ఉక్కు. ఆ పలుచని పొర పోయాక లోపలి మెత్తని లోహం త్వరగా అరుగుతుంది, పైగా చేతితో అరగదీస్తే అంచు కోణం మారుతుంది. మొదటి వారం హాయిగా అనిపించిన ట్రిగ్గరు తర్వాత తనంతట తానే వదిలేయవచ్చు.

పోటీ రైఫిల్‌తో పోలికే సరికాదు. అభినవ్ బింద్రా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో ట్రిగ్గరుకు కనీస బరువు నిబంధన లేదన్నది నిజమే. అయితే నేటి పోటీ రైఫిళ్లు ముందే నింపిన గాలితో పనిచేస్తాయి. వాటి ట్రిగ్గరు ఆపవలసింది గాలి కవాటాన్ని కొట్టే లోపలి చిన్న సుత్తి బలాన్నే, పిస్టన్ స్ప్రింగును కాదు. ఇక చాలా చవక రైఫిళ్లలో సేఫ్టీ ట్రిగ్గరును మాత్రమే అడ్డుకుంటుంది, సియర్ జారితే ఏమీ చేయలేదు.

ట్రిగ్గరు మెరుగుపడాలంటే ముందుగా స్టాకు (భుజానికి ఆనించే పిడి) స్క్రూలు బిగించాలి. మన ప్రాంతపు దుమ్ము చిక్కటి నూనెతో కలిసి ట్రిగ్గరు భాగాల్లో పేరుకుంటుంది. దాన్ని శుభ్రం చేసి, సియర్ ముఖాలకు మాలిబ్డినం గ్రీజు పలుచగా పూస్తే చాలామందికి తేడా వెంటనే తెలుస్తుంది. గాలి గదిలోకి మామూలు నూనె పోనివ్వకూడదు, అది ఒత్తిడికి అంటుకుని పేలవచ్చు. సర్దుబాటు స్క్రూ ఉంటే కొద్దికొద్దిగా తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ, పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బారెల్‌ను గట్టిగా పట్టుకుని, పెట్టి మూశాక మందమైన మట్టికట్టకు గురిపెట్టి, ట్రిగ్గరు తాకకుండా స్టాకు వెనుక చివరను రబ్బరు సుత్తితో తట్టి చూడాలి. కడప బండల గోడ ఎదుట ఈ పరీక్ష చేయకూడదు, పెల్లెట్ ఎదురు తిరుగుతుంది. తట్టినప్పుడు పేలితే స్క్రూను వెనక్కి తిప్పి, మళ్లీ పరీక్షించాలి.