గట్టు వాటా

భాగహారం కనిపెట్టింది ఎవరో లెక్కల పుస్తకాల్లో ఏమైనా రాసుకోనివ్వండి. దాన్ని ఒక కళగా తీర్చిదిద్దింది మాత్రం తండ్రి పోయిన పదకొండో రోజు సాయంత్రం వేపచెట్టు కింద మంచాల మీద కూర్చున్న తెలుగువాళ్ళే. పిండాన్ని కాకి ముట్టిందా లేదా అని పొద్దున ఆదుర్దా పడిన కళ్ళే సాయంత్రానికి కాల్‌క్యులేటర్ వంక చూస్తుంటాయి. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. చిన్నబ్బాయి విమానం టిక్కెట్టు పన్నెండో రోజుకే ఉంటుంది కదా.

ఈ శాస్త్రాన్ని దగ్గరగా చూసే భాగ్యం నాకు మా మామయ్య పోయినప్పుడు కలిగింది. పత్రికలకు రాస్తాను కనుక దస్తావేజు భాష కూడా వస్తుందన్న అపోహతో నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. ఆస్తి వివరం: పల్నాడు మెట్టలో నాలుగున్నర ఎకరాలు, ఒకటే చెక్క. రోడ్డు వైపు 300 అడుగులు, లోపలికి 653 అడుగుల పైచిలుకు. వెనక కొసన ఒక బోరు. వారసుల వివరం: హైదరాబాదులో ఉద్యోగం చేసే పెద్ద బావ, ఊళ్ళో వ్యవసాయం చేసే నడిపి బావ, అమెరికాలో ఉండే చిన్న బావ, పక్క మండలంలో కాపురమున్న వదిన. అత్తయ్య కూడా ఉంది. ఆవిడ లోపల అంట్లు తోముతోంది.

మొదటి ప్రశ్న: ఇది పిత్రార్జితమా, స్వార్జితమా? స్వార్జితమైతే లెక్క చప్పగా తేలిపోతుంది. భార్యకూ నలుగురు పిల్లలకూ తలా 90 సెంట్లు. పిత్రార్జితం అయితేనే అందం. పెద్ద బావ బావమరిదికి కోర్టుల్లో తిరిగిన అనుభవం ఉంది. ఆయన వివరించాడు. చట్టం ప్రకారం మామయ్య కన్నుమూయడానికి ముందు క్షణంలో పిల్లలతో కూర్చుని పంపకం చేసుకున్నట్టు భావించాలట. ఆయనకొకటి, నలుగురు పిల్లలకు నాలుగు, మొత్తం అయిదు వాటాలు. ఆ తర్వాత ఆయన పోవాలి. పోయాక ఆయన 90 సెంట్లు మళ్ళీ అయిదుగురికి, తలా 18. అంటే పిల్లలకు ఒక్కొక్కరికి 108 సెంట్లు, అత్తయ్యకు 18. నేను ఆ ముందు క్షణంలో పక్కనే ఉన్నాను. మామయ్య పంపకం ఊసు ఎత్తలేదు. మోటారు కట్టేశారా అని అడిగాడు.

నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ తలవని తాతగారు ఆ సాయంత్రం ఒక్కసారిగా అందరికీ జ్ఞాపకం వచ్చారు. భూమి ఆయనదేనని ముగ్గురు కొడుకులూ ముక్తకంఠంతో చెప్పారు. అమెరికా నుంచి వచ్చినవాడికైతే గొంతు కూడా పూడుకుపోయింది. పితృభక్తి అంటే తండ్రి దగ్గరే ఆగిపోకూడదు, ఒక తరం పైకి వెళితే తల్లి వాటా 90 నుంచి 18కి దిగుతుంది.

వదిన దగ్గర మాత్రం శాస్త్రానికి చిన్న ఆటంకం ఎదురైంది. ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన హక్కు అన్న మాట మన రాష్ట్రానికి కొత్తది కాదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది, కాకపోతే ఆనాటికి పెళ్ళి కాని వాళ్ళకే. 2005లో దేశమంతటికీ వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఇది పుట్టుకతో వచ్చే హక్కేనని తేల్చేసింది. అయితే మన ఇళ్ళలో ఇంతకన్నా పాత చట్టం ఒకటి ఉంది: చీర పెట్టి సంతకం పెట్టించుకోవడం. పళ్ళెంలో చీర, చీర మీద కాగితం, కాగితం మీద కలం. పెళ్ళినాడు పసుపు కుంకుమల కింద ఇచ్చిందేమిటో నడిపి బావ పాడిగేదె ఈతలతో సహా అప్పజెప్పాడు. వదిన అంతా విని చీర తీసుకుంది, కలం మూత తీయలేదు. “నీళ్ళ వంతు నాకు ఏ పూట?” అంది.

ఇక గీతలు. రోడ్డు వైపు ధర ఎక్కువ కనుక అందరికీ రోడ్డు తగలాలి. అందుకని చెక్కను అడ్డంగా కాక నిలువునా చీల్చారు. పిల్లలకు తలా 72 అడుగుల పట్టీ, అత్తయ్యకు 12 అడుగుల వెడల్పు, 653 అడుగుల పొడవు. దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు ఉండేదని, 2015-16 వ్యవసాయ గణన నాటికి 1.08కి, మన ఆంధ్రప్రదేశ్‌లో అయితే 0.94కి దిగిందని చదివినప్పుడు అదెలా జరుగుతుందో నాకు అర్థం కాలేదు. నవారు పట్టుకుని ఒక కొసన నేనే నిలబడ్డాక అర్థమైంది.

అయిదు పట్టీల మధ్య నాలుగు గట్లు. గట్టు రెండడుగులు. గీసేటప్పుడు ఎవరూ లెక్క వేయలేదు, రాత్రి పడుకున్నాక నేను వేశాను. నాలుగు గట్లూ కలిసి 12 సెంట్లు మింగాయి. ఆ ఇంట్లో నలభై ఏళ్ళు పత్తి తీసిన మనిషికి పద్దెనిమిది, ఒకరినొకరు నమ్మకపోవడానికి పన్నెండు.

నీళ్ళు ఇంకా సునాయాసంగా తెగాయి. పగటి కరెంటు తొమ్మిది గంటలు, అంటే 540 నిమిషాలు. పిల్లలకు తలా రెండు గంటల తొమ్మిది నిమిషాల ముప్పై ఆరు సెకన్లు. అత్తయ్యకు ఇరవై ఒక్క నిమిషాల ముప్పై ఆరు సెకన్లు. సెకన్ల విషయంలో చిన్న బావ రాజీ పడలేదు.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. బోరు వెనక, రోడ్డు ముందు. వంతు వచ్చినవాడు మోటారు దగ్గరకు ఎవరి చేలోంచి నడవాలి? తన చేలోంచి నడవవచ్చు కదా అని మీరు అంటారు. తన చేను తొక్కుకోవడానికి ఎవడు ఒప్పుకుంటాడు? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ట్రాక్టరు సుఖంగా పోవడానికి పన్నెండు అడుగులు సరిగ్గా సరిపోతుందన్న సంగతి అందరికీ ఒకేసారి తట్టినట్టుంది. నేనే రాశాను: “సదరు 18 సెంట్లు తల్లిగారి భాగమై, వాటాదారులందరి రాకపోకలకు ఉమ్మడి దారిగా ఉండగలదు.” చెప్పుకోకూడదు కానీ, వాక్యం బాగా కుదిరింది. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి వేలిముద్ర వేసింది. వేస్తూ ఒక్క మాట అడిగింది.

“గట్లు ఎవరివి నాయనా?”

“ఉమ్మడి, అత్తయ్యా.”

“ఆ ఉమ్మడిలో నేనూ ఉన్నానా?”

ఉన్నావన్నాను.

తొలకరి పడగానే ఆవిడ నాలుగు గట్ల మీదా కంది వేసింది. నీళ్ళ వంతు అడగలేదు, ఎవరి పట్టీలోనూ అడుగు పెట్టలేదు. సంక్రాంతి దాటాక కోసి, కట్టెతో కొట్టి, చెరిగితే యాభై కిలోల దాకా తేలాయి. కబురు అమెరికాకు ఆ రాత్రే చేరింది. గట్టు ఉమ్మడి అయినప్పుడు కందులూ ఉమ్మడే కదా, ఇరవై అయిదు భాగాలు చేస్తే పిల్లలకు తలా ఆరు భాగాలు, అంటే పన్నెండు కిలోలు, అమ్మకు ఒక భాగం, అంటే రెండు అని చిన్న బావ వీడియోలో చెప్పాడు. నాకు మళ్ళీ పిలుపు వచ్చింది.

వెళ్ళేసరికి కందులు లేవు. తిరగలిలో విసిరి పప్పు చేసేసింది. ముందు భోజనం అంది. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర. పెద్దమనిషి హోదాలో రెండో ముద్ద కలుపుతుండగా ఎదురుగా కూర్చుని అడిగింది:

“దారి కాగితంలో గడ్డి సంగతి ఏమైనా రాశావా?”

“లేదత్తయ్యా.”

“రాయకు,” అంది. “గేదెను బేరమాడాను.”