మొహమాటానికి మొదటి బహుమతి

పోయిన దసరా సంబరాల్లో ఇక్కడ ఇంగ్లండ్‌లో మన తెలుగు సంఘం పెట్టిన కూరగాయల పోటీ ఫలితం మీలో ఎంతమందికి గుర్తుంది? అప్పటికే బతుకమ్మ ఆట మొదలైంది, లంచ్ కూపన్ల దగ్గర క్యూ తలుపు దాటింది. యాంకర్ మైకు తీసుకుని "అన్నీ బాగున్నాయండీ, అందరూ విన్నర్లే" అన్నారు. చప్పట్లు ఎక్కువ పడ్డాయని ఓ సొరకాయకు షీల్డు ఇప్పించారు. కాయ పెద్దదే, కాదనను. గోరు దిగనంత ముదిరింది కూడా. తెచ్చినవారు మన సావనీర్‌కు ప్రకటన ఇచ్చినవారే కావడం కాకతాళీయం అనుకుందాం.

నా మనసు చివుక్కుమన్నది సొరకాయ గురించి కాదు. అదే బల్ల చివర ఒక పెద్దావిడ మూడు బీరకాయలు పెట్టారు. మూడూ ఒకే పొడవు, ఒకే లావు, ఒక్క అంచు నలగలేదు. ఈ చలిదేశంలో బీర కాయించడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు. ఇంట్లో హీటర్ పక్కన నారు పోయాలి, ప్లాస్టిక్ పొర కప్పిన పాలీటన్నెల్లో పందిరి కట్టాలి. బీరపూలు విచ్చుకునేది సాయంత్రం. ఆ వేళకు తేనెటీగలు ఇల్లు చేరిపోతాయి కాబట్టి మగపువ్వు కోసి ఆడపువ్వుకు మనమే అద్దాలి. మూడు కాయలు ఒకే ఈడువి కావాలంటే ఒకే సాయంత్రం మూడు ఆడపూలు విచ్చుకోవాలి, మూడూ పిందె నిలవాలి. అలాంటి కాయలు పోటీ అయ్యీ అవగానే వంటవాళ్ల పప్పులోకి వెళ్లిపోయాయి. ఆవిణ్ని ఎవరూ అడగలేదు. నేను వెళ్లి కదిలిస్తే "పోనీలే బాబూ, పండగపూట ఎందుకు" అన్నారు.

ఆ పోనీలే గురించే ఈ వ్యాసం.

డరమ్ జిల్లాలో మా ఊరి కూరగాయల షోలో నేనూ ఉల్లిపాయలు పెడుతుంటాను. అక్కడ నాతో పోటీపడే పెద్దాయన ఒకరున్నారు. తండ్రి బొగ్గు గనిలో పనిచేశాడు, ఈయన బస్సు నడిపి రిటైరయ్యారు. షోకి ఇంకా కొన్ని వారాలుందనగా తన అలాట్‌మెంట్, అంటే కూరగాయలు పెంచుకోవడానికి అద్దెకు తీసుకున్న తోట ముక్క, చూసి వెళ్లమని పిలిచారు. పోటీదారుణ్ని తోటలోకి పిలవడమేమిటని మా ఇంట్లో ఒకటే ఆశ్చర్యం. మనమైతే పిందెను వేలితో చూపిస్తేనే రాలిపోతుందని పిల్లల్ని కోప్పడతాం, పాదు దగ్గర దిష్టిబొమ్మ కడతాం. మా నాయనమ్మ ఆ మాట అంటే నేనూ వేలు ముడుచుకునేవాణ్ని. ఇప్పటికీ నా పిల్లలకు అదే చెబుతాను, మానుకోను.

ఆయనది పూర్తి ప్లాటు, పాత కొలతలో పది రాడ్‌లు. మన లెక్కలో ఆరు సెంట్ల పైచిలుకు. గేటు తీయగానే కనిపించింది వరసగా పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు. వాటి నిండా ఇసుక. గడ్డపారతో ఇసుకలో లోతైన గుంటలు చేసి, జల్లెడ పట్టిన మట్టి నింపి, గుంటకు మూడు నాలుగు క్యారట్ విత్తనాలు వేసి, మొలిచాక ఒక్కటే ఉంచి మిగతావి పీకేస్తారు. రాయి తగలని చోట వేరు తిన్నగా మీటరు దాకా దిగుతుంది. తీసేటప్పుడు నీళ్లు పోసి ఇసుకను వదులు చేసి మెల్లగా లాగాలి. కడిగేటప్పుడు స్పాంజి క్యారట్ చుట్టూ తిప్పాలే తప్ప నిలువునా రుద్దితే గీతలు పడతాయట. ఉల్లినారు క్రిస్మస్ రోజుల్లోనే దీపాల కింద మొదలవుతుంది. బఠానీ కాయను కాడ పట్టుకుని కత్తెరతో కోశారు. నేను చెయ్యి చాపితే "ముట్టుకోవద్దు" అన్నారు. కాయ మీద బూడిదలాంటి సన్నని పూత ఉంటుంది, వేలు తగిలితే ఆ మచ్చ జడ్జి కంట పడుతుంది. నాయనమ్మ గుర్తొచ్చింది.

అన్నీ చూపించారు, ఎరువు పాళ్లతో సహా. లీక్స్ (లావు తెల్ల కాడలుండే ఉల్లిజాతి కూర) ఉన్న షెడ్డుకు మాత్రం తాళం. ఎందుకని నేను అడగలేదు. ఈ ప్రాంతంలో పబ్బుల్లో, గని కార్మికుల క్లబ్బుల్లో జరిగే లీక్ పోటీలకు ఫర్నిచర్, టీవీల వంటివి బహుమతులుగా ఉండేవి. రాత్రిపూట ఎదుటివాడి లీక్స్ కోసేసిన కథలు, కాపలాగా తోటలోనే పడుకున్న కథలు ఇక్కడ ఎవర్ని అడిగినా చెబుతారు. కాబట్టి వీళ్లు మహాత్ములు, మనం కాదు అనడం నా ఉద్దేశం కాదు.

తేడా బల్ల దగ్గర వస్తుంది. ఇక్కడ షోకి ఏది ఎన్ని పెట్టాలో చెప్పే షెడ్యూల్ ఉంటుంది. ఆరు పెట్టమన్నచోట ఏడు పెడితే, ఎంత గొప్పవైనా, కార్డు మీద ఎన్.ఎ.ఎస్. అని రాసి వదిలేస్తారు. షెడ్యూల్ ప్రకారం లేదన్నమాట. జడ్జింగ్ అప్పుడు పెంచినవాళ్లు హాల్లో ఉండరు, పేర్లు కనిపించవు. పంట కష్టాన్ని బట్టి మార్కులు: రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పుస్తకంలో పొడవు క్యారట్‌కు 20, ఎర్ర ముల్లంగికి 10. కాయలన్నీ ఒకేలా ఉండటానికి మార్కులున్నాయి. ఒట్టి సైజు కోసమైతే వేరే పోటీ విభాగమే ఉంటుంది.

మనవాళ్ల వైపు నుంచీ చెప్పాలి. ఈసీలో, అంటే సంఘం కార్యవర్గంలో ఉన్నవాళ్లు వీకెండ్లు వదులుకుని హాలు, కేటరింగ్, పిల్లల డాన్సులు చూసుకుంటున్నారు. స్పాన్సర్ లేకపోతే హాలు అద్దె కట్టలేం. చిన్న ఊరు, అందరం అందరి ఇళ్లకూ భోజనానికి వెళ్లేవాళ్లం. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే మర్నాటి నుంచి మొహం చాటేసుకోవాలి. ఇవన్నీ నిజాలే. పైగా కాసిన నాలుగు దొండకాయల్లో రెండు పక్కింటికి ఇచ్చే మన అలవాటు ముందు ఈ షీల్డులెందుకూ పనికిరావు. కానీ మన మొహమాటం ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాళ్ల వైపే ఒరుగుతుంది. నోరున్నవాడిని నొప్పించకూడదని, నోరెత్తని మనిషి కష్టాన్ని పప్పులో వేస్తాం. "అందరూ విన్నర్లే" అన్నప్పుడు ఓడిపోయింది ఎవరో ఆ బల్ల దగ్గరున్న ప్రతివాళ్లకూ తెలుసు.

అందుకే ఈసీకి నా విన్నపం. పోటీ పెట్టకపోయినా పర్వాలేదు, పెడితే ఒక్క పేజీ షెడ్యూల్ రాయండి. బీర మూడు, దొండ పన్నెండు, గోంగూర ఒక కట్ట, సొర ఒకటి, లేతది. పేర్లు కార్డు వెనక రాయించండి. మన ఊళ్లో ఎవరికీ చుట్టం కాని జడ్జిని తెద్దాం. ఆ పెద్దాయన్ను అడిగాను, వస్తానన్నారు, ఆయన పప్పులో మాత్రం కారం తగ్గించాలి. పోటీ కాయలు ఎవరివి వాళ్లకు తిరిగివ్వండి, వండుకుంటారో పంచుకుంటారో వాళ్ల ఇష్టం. జూలైలో ఒక ఆదివారం ఒకరి తోటకు ఒకరం వెళ్దాం, ముందు నా అర ప్లాటుకే రండి.

షెడ్యూల్ చిత్తుప్రతి నా దగ్గర సిద్ధంగా ఉంది. ఉగాది దాకా ఆగకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టండి. బీర విత్తనం మార్చిలో నాటాలి.