హస్తసాముద్రికం, తొమ్మిదో తరగతి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే "ఎన్ని దోసెలు తింటావురా?" అని మా అబ్బాయిని అడిగాను. వాడు రెండు అరచేతులూ వెల్లకిలా పెట్టి, ఒకటి పైకీ ఒకటి కిందికీ త్రాసు సిబ్బెల్లా ఊపుతూ, "సిక్స్ సెవెన్..." అని రాగం తీశాడు. ఆరేడు అన్నాక తెలుగు తల్లి ఊరుకుంటుందా? మా ఆవిడ ఏడూ పోసింది. వాడు రెండు తిని లేచిపోయాడు. మిగతా ఐదూ నేను తిన్నాను. ఈ పరిశోధనకు ప్రేరణా, పెట్టుబడీ, అజీర్తీ అన్నీ ఆ ఐదు దోసెలే.

విచారిస్తే తేలిందిది. స్క్రిల్లా అనే అమెరికా ర్యాపర్ పాటలో ఆ అంకెలు వస్తాయి. లమెలో బాల్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు కాబట్టి ఆ ముక్కని అతని వీడియోలకి అతికించారు. 2025లో డిక్షనరీ డాట్ కామ్ దీన్ని ఆ ఏటి మాటగా ఎంచుకుంది. అర్థమేమిటయ్యా అంటే, ఏమీ లేదట! మన 'ఆరేడు'కి అర్థముంది. ఆరేడుగురు వస్తున్నారంటే పదిమందికి వండమని.

ఇక లాభం లేదని మా పిన్ని దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లు కూచిపూడి నేర్పిన మనిషి. చేతుల భాషలో ఆవిడది పై కోర్టు. అభినయ దర్పణం అనే పాత నాట్యగ్రంథంలో ఒంటిచేతి ముద్రలే ఇరవై ఎనిమిది, ఒక్కోదానికి ఎక్కడెక్కడ వాడాలో శ్లోకంతో సహా జాబితా ఉంటుంది. మావాడు అద్దం ముందు నిలబడి బొటనవేలి మీద చూపుడువేలు వాల్చి పంపే కొరియన్ గుండెకాయని నేను పట్టి చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "కపిత్థం" అంది. లక్ష్మీ సరస్వతులకి వాడతారట, తాళాలు పట్టడానికి వాడతారట, ఆవు పాలు పితకడానికీ వాడతారట. మావాడు ఈ ముద్ర పంపేది వీధి చివర ట్యూషన్‌లో ఒకమ్మాయికని నా అనుమానం. పాడి గురించి మాట్లాడుకుంటున్నారని సరిపెట్టుకున్నాను.

పెళ్లి ఫోటో దగ్గర మాత్రం పిన్ని మొహం మాడిపోయింది. వధూవరుల వెనక పిల్లలంతా చూపుడువేలూ మధ్యవేలూ విడదీసి నవ్వుతున్నారు. 1941లో చర్చిల్ ప్రచారంలోకి తెచ్చిన విజయచిహ్నం కదా అని నేను సర్దిచెప్పబోయాను. "విజయమా నీ బొందా, అది కర్తరీముఖంరా! స్త్రీపురుషుల ఎడబాటుకి పడతారు, మరణానికీ పడతారు" అంది. మా తాతయ్య అదే ఫోటోని ఇంకోలా చదివాడు. ఆయన బళ్లో రెండు వేళ్లెత్తితే చెంబు పట్టుకుని పొలం గట్టుకి పరిగెత్తడమే. "ఒక్కసారే అందరికీ వచ్చిందేమిట్రా పాపం!" అన్నాడు.

బొటనవేలి సంగతి మరీ దారుణం. "నాన్నా, మార్కులొచ్చాయి" అని వాడు మెసేజ్ పెడితే బొటనవేలెత్తి పంపాను. సాయంత్రం దాకా వాడు మాట్లాడలేదు. వాళ్ల లెక్కలో అది మెచ్చుకోలు కాదట, 'సర్లే పో' అనట. ఫోన్ చెయ్యరా అని బొటనవేలూ చిటికెనవేలూ చాచి చెవి దగ్గర పెట్టుకుంటే, వింతగా చూసి, అరచెయ్యి బల్లపరుపుగా చెంపకి ఆనించి చూపించాడు. నిజమే, ల్యాండ్‌లైన్ రిసీవర్ వాడెప్పుడు చూశాడు గనక?

మేమూ తక్కువ తినలేదు లెండి. చిటికెనవేలు చూపిస్తే పచ్చి, రెండు వేళ్లు కలిపి ముట్టిస్తే జట్టు. అదే చిటికెనవేలు క్లాసులో ఎత్తితే ఒకటికి వెళ్లాలని. పశువుల సంతలో కండువా కింద వేళ్లు పట్టుకుని బేరమాడే పెద్దమనుషుల్ని చూసే ఉంటారు. ధర కొనేవాడికీ అమ్మేవాడికీ తప్ప, మూడోవాడికి తెలియకూడదు. మా ఇంట్లో ఆ మూడోవాణ్ని నేనేనని ఇన్నాళ్లకి అర్థమైంది.

అర్థమయ్యాక ఏం చెయ్యాలో అదే చేశాను. మొన్న శనివారం మావాడి స్నేహితులు నలుగురు హాల్లో కూర్చున్నారు. నేను లుంగీతో వెళ్లి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ త్రాసులా ఊపి, "సిక్స్ సెవెన్" అన్నాను. హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఒకడు చెప్పులు వెతుక్కున్నాడు. మావాడు నెమ్మదిగా తన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ముద్ర మా ఇంట్లో కనపడలేదు. దోసెలు ఎన్నంటే "రెండు" అంటున్నాడు, నోటితో.

వార్త అపార్ట్‌మెంటంతా పాకింది. నిన్న రెండో అంతస్తు ఆవిడ తలుపు కొట్టింది.

"అన్నయ్యగారూ, మా పిల్లది తిండి దగ్గరా అదే, చదువు దగ్గరా అదే. ఆదివారం దాని ఫ్రెండ్స్ వస్తున్నారు. మీరొక్కసారి వచ్చి చేసి వెళ్తారా?"

దోమల మందు కొట్టేవాడిలా హుందాగా ఆలోచించి, "ఎంతమంది ఉంటారమ్మా?" అని అడిగాను.

"ఆరేడుగురు ఉంటారండీ" అందావిడ. అంటూండగానే ఆవిడ చేతులు రెండూ వాటంతటవే లేచాయి.