క్లచ్ పెడల్ మీద కాపురం పెట్టిన ఎడమ కాలికి

ఎడమ కాలు గారికి,

మోకాలి దగ్గర్నుంచి మడమ దాకా తమరు క్షేమమని తలుస్తాను. మన తోట ట్రాక్టరు మాత్రం గూడూరు రోడ్డు పక్కన ఓ షెడ్డులో రెండు ముక్కలై పడుంది. ఇంజను ఒక పక్క, గేరుబాక్సు ఒక పక్క. మధ్య సందులో మేస్త్రి గొంతుక్కూచుని బీడీ కాలుస్తున్నాడు. ఇదంతా తమరి చలవే కాబట్టి ఈ ఉత్తరం.

మొదట తమరి మీద నాకు అనుమానమే రాలేదు. డ్రైవర్ని తిట్టాను. అతను మానేసి వెళ్ళాక డీజిల్‌ని తిట్టాను. మట్టి దున్నే రోటవేటరు దించగానే ఇంజను గావుకేకలు పెడుతుంది, చక్రం మాత్రం కదలదు. గేరు వెయ్యబోతే పళ్ళు పటపటా కొరుకుతుంది. గేరుబాక్సు పోయిందని టీకొట్టు దగ్గర నలుగురూ తీర్మానం చేసేశారు. అసలు రోగం దానిది కాదు. క్లచ్ పూర్తిగా విడవకపోతే గేర్లు అలాగే కొట్టుకుంటాయట. ఆ సంగతి తెలీక నేను బలవంతంగా దిగేసిన గేర్లకు మూతులు రాలాయి. అడుగు బోల్టు విప్పితే నూనెతో పాటు ఇనప రజను కూడా కారింది.

ఈ బండికి క్లచ్ చూడాలంటే నడుం విరవాల్సిందే. ఇంజను పక్కకి ఒరక్కుండా ముందు ఇరుసు దగ్గర రెండు వైపులా చెక్క ముక్కలు దిగ్గొట్టారు. కింద జాకీలు పెట్టి, చుట్టూ బోల్టులు తీసి, వెనక చక్రాలు చేత్తో తిప్పుకుంటూ ఆ సగాన్ని మెల్లగా వెనక్కి లాగారు. పనసకాయ విచ్చినట్టు విచ్చుకుంది. నల్లటి దుమ్ము, మాడువాసన. మేస్త్రి క్లచ్ ప్లేటుని అరచేతిలో పెట్టుకుని బొటనవేలి గోటితో గీశాడు. పట్టు కోసం దాని మీద బిగించే లైనింగు లేదు. రివిట్ల తలలు పైకి తేలి, ఇంజను వెనకుండే ఫ్లైవీలు చక్రం మీద గుండ్రంగా గాట్లు పెట్టాయి. క్లచ్ ప్లేటుని ఫ్లైవీలుకి అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు మీద నెమలికంఠం రంగులో కాలిన మచ్చలు.

“అన్నా, ఇది క్లచ్ ప్లేటా, అప్పడమా? బండి ఎవరు తోల్తారు?”

“నేనే.”

“ఎక్కి కూచో.”

చక్రాల కింద రాళ్ళు పెట్టిన ఆ సగం బండి మీద ఎక్కి కూచున్నాను. కూచున్నానో లేదో, ఎవరూ పిలవకుండానే తమరు లేచి, పెడల్ మీదికెక్కి, అత్తారింట్లో కొత్తల్లుడు మంచమెక్కినట్టు సర్దుకున్నారు.

“అదిగో” అన్నాడు మేస్త్రి.

ఇక తమరూ గిమరూ వదిలేస్తున్నా. పెడల్లో మొదట ఓ అంగుళం వదులుంటుంది చూశావా, అది బిగించడం మర్చిపోయి వదిలింది కాదు. పెడల్ తొక్కితే ముందుకెళ్ళి క్లచ్‌ని విడిపించే రిలీజు బేరింగు, ఊరికే ఉన్నప్పుడు ప్రెషర్ ప్లేటు వేళ్ళకి (అంటే దాని లివర్లకి) తగలకుండా ఉంచిన జాగా. నువ్వు తొక్కక్కర్లేదు, ఊరికే ఆనితే చాలు, ఆ జాగా కాస్తా పోతుంది. బేరింగు పొద్దస్తమానం ఆ వేళ్ళని రాసుకుంటూ తిరుగుతుంది. ఇంకాస్త బరువు మోపావా, స్ప్రింగుల పట్టు సడలి ప్లేటు జారుతుంది. జారిందంటే మాడుతుంది.

నీ వైపు వాదన కూడా ఉందిలే. మనది సింగిల్ క్లచ్ బండి. పెడల్ పూర్తిగా తొక్కితే చక్రాలతో పాటు రోటవేటరూ ఆగిపోతుంది. నిమ్మచెట్ల మధ్య సాలు చివర తిప్పేటప్పుడు, పైన కొమ్మల ముళ్ళు నా నెత్తిని దువ్వుతుంటే, కింద నువ్వు తొక్కీ తొక్కకుండా లాక్కొచ్చేవాడివి. పాపం అనుకున్నాను. కానీ ఖాళీ బండితో రోడ్డు మీద పోయేటప్పుడూ అక్కడే ఎందుకున్నావు?

నాకు తెలుసు నీ కసి. గృహప్రవేశమైనా, పెళ్ళికూతురు మెట్టినింటికొచ్చినా, కుడికాలు ముందు పెట్టమంటారు. నీ పేరు తన్నేటప్పుడు తప్ప ఎవరూ తలుచుకోరు. బ్రేకూ, యాక్సిలేటరూ కూడా దానికే ఇచ్చారు. నీకు దొరికింది ఒక్కటే పెడల్, దాన్ని వదిలితే లాగేసుకుంటారని నీ భయం.

బిల్లు చూసి కళ్ళు తిరిగాయి. 2022 ఏప్రిల్లో నిమ్మకాయ కిలో 200 రూపాయలు దాటినప్పుడైతే లెక్కచేసేవాణ్ణి కాదు. (ఆ ఏడు మన చెట్ల మీద కాయ లేదు, అది వేరే సంగతి.) ప్లేటు, బేరింగు, రెండు గేర్లు, ఆయిల్ సీలు, కొత్త 90 నంబరు గేరు ఆయిలు. ప్లేటుని సరిగ్గా మధ్యకి తేవడానికి పాత షాఫ్టు ముక్క దూర్చి బిగించాడు. అయినా రెండు సగాలూ కలవడానికి నలుగురు మనుషులు గంటన్నర కుస్తీ పట్టారు. చివర్లో మేస్త్రి అడక్కుండానే పెడల్ పక్కన జానెడు ఇనప పలక వెల్డింగ్ చేసి, “ఇది నీ కాలికి పీట అన్నా, డబ్బులొద్దులే” అన్నాడు.

వారం నుంచీ బుద్ధిగా పలక మీదే ఉంటున్నావు, కాదన్ను. కానీ మొన్న పెళ్ళికి బావ కారు నేను తోలాను కదా. మండపం దగ్గర దిగుతూ బావ ముక్కు ఎగబీల్చి, “ఏదో మాడిన వాసనొస్తోంది బావా” అన్నాడు.

వంటశాల దగ్గర్లోనే ఉన్నట్టుంది అని చెప్పాను.

ఇట్లు,
నీ పైవాడు