దేవుని కడపకు అర్జంటుగా ఒక సిద్ధాంతం కావాలి

మత అధ్యయన ఆచార్యులకూ ధర్మరక్షకులకూ మధ్య ఇన్నేళ్లుగా ఇంత ఘనంగా యుద్ధం జరుగుతుంటే, కడప తన వంతు సాయం చేయకుండా కూర్చోవడం విచారకరం.

మిగతా ఊళ్లు ఎంత కష్టపడ్డాయో చూడండి. షికాగో ఆచార్యురాలు వెండీ డానిగర్ 2009లో హిందువుల చరిత్ర రాస్తే, అది హిందువులను కించపరిచిందంటూ సంఘ్ పరివార్ విద్యావేత్త దీనానాథ్ బాత్రా కోర్టుకెక్కారు. 2014 ఫిబ్రవరిలో ప్రచురణకర్తలు రాజీపడి, ఉన్న ప్రతులను గుజ్జు చేస్తామని ఒప్పుకున్నారు. అంతకు పదేళ్ల ముందే పుణే ఇంకో మెట్టు ఎక్కింది. శివాజీని అవమానించారంటూ గొడవైన పుస్తకం రాసిన అమెరికా ఆచార్యుడు జేమ్స్ లేన్‌కు అక్కడి భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ పండితులు సాయపడ్డారన్న కోపంతో, 2004 జనవరిలో కొందరు ఆ సంస్థ మీద పడి పాత గ్రంథాలనూ రాతప్రతులనూ చిందరవందర చేశారు. సంస్కృతి మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లు అరుదు. 2021 సెప్టెంబరులో హిందుత్వపై అమెరికాలో ఆన్‌లైన్ సదస్సు పెడితే, వక్తలకు చంపుతామన్న బెదిరింపులు వెళ్లాయి. అభిప్రాయభేదాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పలేం. ఆచార్యులకు మాత్రం ఆ క్లుప్తత చేతకాదు. పది అధోసూచికలు లేనిదే దండం కూడా పెట్టరు.

మన ఏడురోడ్ల కూడలిలోనూ ఆశాజనకమైన వాతావరణమే ఉంది. మొన్న టీ బంకు దగ్గర ఒక పెద్దమనిషి డానిగర్ పుస్తకాన్ని రెండు టీలు చల్లారేదాకా ఖండించారు. ఎన్ని పేజీలు చదివారని అడిగితే, "చదివితే పాపం తగలదా నాయనా?" అన్నారు. పుస్తకాన్ని వెనకేసుకొచ్చిన కుర్రవాడూ అట్ట దాటలేదు.

ఇబ్బందంతా మన ఊళ్లోని దేవుని కడపతోనే. ఉగాది వస్తే చాలు, ముస్లిం కుటుంబాలు బెల్లం, చింతపండు, టెంకాయలు సంచుల్లో వేసుకుని లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడి ముందు వరుస కడతాయి. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచట, స్వామి అల్లుడట! చుట్టరికానికి ఆధారం అడిగితే సంచి చూపిస్తారు. దీన్ని ఏ పక్షం ఖాతాలో రాయాలి? "మిశ్రమ భక్తి" అని ఆచార్యులు పేరు పెడతారు, "ఒకప్పుడు వాళ్లూ మనవాళ్లే" అని రక్షకులు సరిపెడతారు. వరుసలో ఉన్నవాళ్లకు ఈ రెండు మాటలూ వినే తీరిక లేదు, ఎండెక్కుతోంది. పోనీ బ్రహ్మంగారి మఠానికి వెళ్దామంటే అక్కడ బ్రహ్మంగారి ముస్లిం శిష్యుడు దూదేకుల సిద్దయ్య అడ్డం. అనంతపురం వైపు పారిపోతే గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లకు హిందువులే మొక్కులు తీరుస్తున్నారు.

కాబట్టి ఇరుపక్షాలతో వెంటనే ఒక సంఘం వేయాలి. సభ్యులు పుస్తకాలు చదివి ఉండాలన్న నిబంధన పెట్టకూడదు, కోరం దొరకదు. సంఘం తేల్చేదాకా భక్తులు సిద్ధాంతం లేకుండానే దర్శనం చేసుకోవచ్చు. టెంకాయలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలని మనవి.