పబ్జీ మీద నెట్టేస్తే సరిపోదు

ఎక్కడో ఓ కుర్రాడు ఘోరం చేశాడని వార్త రావడం ఆలస్యం, మన వాట్సాప్ గ్రూపుల్లో అదే మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇదీ: పబ్జీ, ఫ్రీ ఫైర్ లాంటి గేమ్‌లు పిల్లల్ని హంతకులుగా మారుస్తున్నాయి, అమెరికా స్కూళ్లలో కాల్పులు జరిపినవాళ్లంతా ఇవి ఆడినవాళ్లే, సైన్స్ ఎప్పుడో నిరూపించింది, గేమ్‌లు వచ్చాక నేరాలు పెరిగాయి, లక్నోలో కన్నతల్లినే చంపేశాడు చూడండి, నిషేధిస్తే పీడా విరగడవుతుంది. పిల్లలు ఏమైపోతారో అన్న భయంతోనే చాలామంది దీన్ని షేర్ చేస్తున్నారు, ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ ఒక్కో మాటా పట్టుకుని చూస్తే నిలబడేది చాలా తక్కువ.

ముందు అమెరికా సంగతి. అక్కడి సీక్రెట్ సర్వీస్ (అధ్యక్షుడి భద్రత చూసే సంస్థ), విద్యాశాఖ కలిసి స్కూళ్లలో జరిగిన 37 దాడుల్ని, వాటికి పాల్పడిన 41 మందిని పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. హింసాత్మక వీడియో గేమ్‌ల మీద ఆసక్తి చూపినవాళ్లు ఎనిమిది మందిలో ఒక్కరే. తాము రాసుకున్న రాతల్లోనే హింస గురించి రాసినవాళ్లు మూడో వంతు కంటే ఎక్కువ. తోటివాళ్లు తమను వేధించారని బాధపడినవాళ్లు 71 శాతం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు గానీ ఆ ఆలోచనలు ఉన్నవాళ్లు గానీ 78 శాతం! ఈ చివరి రెండు అంకెలు ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండవు, నిజానికి తల్లిదండ్రులు ముందు చూడాల్సింది వాటినే. 2007లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 32 మందిని చంపిన విద్యార్థి గురించి విచారణ సంఘం ఏం రాసిందంటే, చిన్నప్పుడు సోనిక్ లాంటి పిల్లల వీడియో గేమ్‌లు ఆడేవాడు, యుద్ధం ఆటలు కావు అని. 2012లో శాండీ హుక్ స్కూల్లో కాల్పులు జరిపిన నిందితుడు కాల్పుల గేమ్‌లు ఆడాడు, అది నిజమే, కానీ గంటల తరబడి ఆడింది మాత్రం పాటకు తగ్గట్టు కాళ్లు కదిపే డ్యాన్స్ గేమ్.

అయినా "అందరూ ఆడినవాళ్లే" అన్న మాటకు విలువెంత? 2018లో ప్యూ సంస్థ సర్వే చేస్తే అమెరికాలో టీనేజీ అబ్బాయిల్లో 97 శాతం ఏదో ఒక వీడియో గేమ్ ఆడుతున్నామన్నారు. నేరం చేసిన మన కుర్రాళ్లను లెక్కేస్తే దాదాపు అందరూ గల్లీలో క్రికెట్ ఆడినవాళ్లే ఉంటారు, అంతమాత్రాన బ్యాట్ మీద కేసు పెట్టం కదా.

"సైన్స్ నిరూపించింది" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇందులో కొంచెం నిజం ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. ల్యాబ్‌లో చాలా ప్రయోగాలు ఇలా జరుగుతాయి: కాలేజీ విద్యార్థితో కాసేపు గేమ్ ఆడిస్తారు, తర్వాత పక్కగదిలో ప్రత్యర్థి ఉన్నాడని చెప్పి ఎవరు ముందు బటన్ నొక్కుతారో పోటీ పెడతారు. గెలిస్తే అవతలివాడి హెడ్‌ఫోన్స్‌లో ఎంత పెద్ద చప్పుడు, ఎంతసేపు మోగించాలో ఇతనే ఎంచుకోవచ్చు. అసలు పక్కగదిలో ఎవరూ ఉండరు. గేమ్ ఆడినవాడు చప్పుడు కాస్త ఎక్కువ పెడితే "దూకుడు పెరిగింది" అని రాసుకుంటారు. ఇంకొన్ని ప్రయోగాల్లో ఎదుటివాడు తినడానికి గేమ్ ఆడినవాడు కారం సాస్ ఎంత వడ్డిస్తాడో కొలుస్తారు. దీని విలువ దీనికి ఉంది, కానీ చప్పుడు పెంచడానికీ మనిషి ప్రాణం తీయడానికీ మధ్య ఎంత దూరం ఉందో చెప్పక్కర్లేదు. పిల్లల్ని కొన్నాళ్లపాటు గమనించిన 24 అధ్యయనాల్ని, అంటే 17 వేలమందికి పైగా పిల్లల వివరాల్ని, 2018లో కలిపి చూస్తే దూకుడుతో సంబంధం ఉందనే తేలింది, కాకపోతే చాలా చిన్నది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు వెయ్యిమందిని పరిశీలిస్తే, ఆడే గేమ్‌లకూ పెద్దలు చెప్పిన ప్రవర్తనకూ సంబంధమే కనబడలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తేల్చి చెప్పింది కూడా ఇదే: అరవడం, తోసేయడం లాంటి వాటితో చిన్న సంబంధం ఉంది, హింసకు గేమ్‌లే కారణమనడానికి తగినన్ని ఆధారాలు లేవు. నిరూపణ అంటే ఇదా?

గేమ్‌లు వచ్చాక నేరాలు పెరిగాయనే మాటా అంతే. అమెరికాలో మైనర్ల హింసాత్మక నేరాల అరెస్టులు 1994 ప్రాంతంలో తారస్థాయికి చేరి, ఆ తర్వాత పాతికేళ్లలో సగానికంటే బాగా తగ్గాయి, గేమ్‌లు ఇంటింటికీ చేరింది సరిగ్గా ఆ కాలంలోనే. మన దగ్గర జియో 2016లో వచ్చింది, పబ్జీ మొబైల్ 2018లో. మైనర్ల మీద నమోదైన కేసులు ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) లెక్కల్లో 2016లో సుమారు 35,800 ఉంటే 2022లో 30,500 దాకా ఉన్నాయి. కేసు నమోదవడం, నేరం జరగడం ఒకటి కావు కాబట్టి గేమ్‌ల వల్ల నేరాలు తగ్గాయని నేననను, కానీ పెరిగాయని చెప్పడానికి ఈ లెక్కలు పనికిరావు.

ఇక లక్నో. 2022 జూన్‌లో పదహారేళ్ల అబ్బాయి తల్లిని కాల్చి చంపాడు, గేమ్ ఆడనివ్వలేదన్న కోపంతో అని పోలీసులు మొదట చెప్పారు. అదే నిజమనుకున్నా, గొడవ గేమ్‌లోని తుపాకుల గురించి కాదు, ఫోన్ ఆపమన్నందుకు. ఫోన్‌లో లూడో ఉన్నా, రీల్స్ ఉన్నా ఆ గొడవ వచ్చేదే. అతని చేతికి దొరికింది మాత్రం అసలు పిస్టల్, తండ్రి లైసెన్స్‌తో ఇంట్లో ఉంచుకున్నది. శాండీ హుక్‌లోనూ తుపాకులు తల్లి చట్టబద్ధంగా కొన్నవే. పిల్లాడికి అందేచోట నిజం తుపాకీ ఎందుకుందని అడక్కుండా బొమ్మ తుపాకీ మీద పడిపోతే ఎలా?

నిషేధం మాట. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీని నిషేధించి, ఆడుతున్నారని కాలేజీ కుర్రాళ్లను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఆపిన 118 యాప్‌లలో అదీ ఒకటి, అయితే ఆపింది దేశ భద్రత, డేటా కారణాలతో, హింస వల్ల కాదు. ఏడాది తిరక్కుండానే మన దేశం కోసం చేసిన బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో తిరిగొచ్చింది. మధ్యలో పిల్లలు ఫ్రీ ఫైర్‌కో ఇంకోదానికో మారిపోయారు, అదే నలుగురు ఫ్రెండ్స్ స్క్వాడ్ కట్టుకుని "నాక్ అయ్యాన్రా, రివైవ్ చెయ్" (పడిపోయాను, లేపు) అని అరుచుకోవడం ఆగలేదు.

గేమ్‌లతో ఇబ్బందే లేదని నేను చెప్పడం లేదు. రాత్రి రెండింటిదాకా ఆడి క్లాసులో తూగేవాళ్లున్నారు, అమ్మ ఫోన్‌లోని యూపీఐతో స్కిన్‌లు (గేమ్‌లో వేషాలు, తుపాకుల రంగులు) కొనేవాళ్లున్నారు. బీజీఎంఐలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి ఉంది, ఖర్చుకూ పరిమితి ఉంది, కానీ వయసు ఎక్కువ వేసి అకౌంట్ తెరిచిన పిల్లాడికి అవేవీ వర్తించవు. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు మీ పిల్లల అకౌంట్‌లో ఏ వయసు వేసి ఉందో ఒకసారి తెరిచి చూడండి.