మజ్జిగతో తగ్గే రోగం

ఒడిశా హద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో సుఖవ్యాధి వచ్చిన ఆడపిల్లకు ధైర్యం చెప్పే మనిషే లేడని ఈమధ్య ఎవరో బాధపడ్డారు. చాలా అన్యాయమైన మాట. లేకపోవడమేమిటి, వీధికి పదిమంది ఉన్నారు.

అసలు ఆ పేరులోనే సగం ఓదార్పు ఉంది. పొత్తికడుపు నొప్పితో నిలబడలేని పిల్లకు "నీది సుఖరోగమమ్మా" అని చెబుతాం. మిగతా సగం ఆసుపత్రిలో చీటీ రాసేచోట దొరుకుతుంది. "పెళ్లయిందా?" అని గట్టిగా అడుగుతారు, వెనక వరుసకు కూడా వినపడాలి కదా. కాలేదంటే ఒక చూపు, అయిందంటే ఇంకో చూపు. రెండూ ఉచితమే.

సర్కారువారేమో ఈ రోగాలకని సురక్ష క్లినిక్కులు పెట్టి, ఊరికే మందులిచ్చి, గుట్టు కాపాడతామంటారు. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే పైసా పడదట. గుట్టుగా ఉంచితే ఇక మేమెందుకు? అందుకే మా పిల్లలు నది దాటి ఆంధ్రాలోని పాతపట్నం పోయి చూపించుకుంటారు. 1936లో ఒడిశాకు హద్దు గీసినవాళ్లు పొలాలకు గీశారు గానీ చాడీలకు గీయలేదు. పిల్ల ఆటో దిగేసరికి కబురు వీధి మొగలో కూర్చుని ఉంటుంది, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి.

క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ నాలుగూ సరైన మందు పడితే నయమయ్యేవే. ఒక్క 2020లోనే ఇవి ప్రపంచంలో కొత్తగా 37.4 కోట్ల సార్లు సోకాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అన్ని కోట్లలోనూ చెడిపోయింది మా వీధి పిల్ల ఒక్కతే.

వరసకు నా కూతురే. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, "పిన్నీ, డాక్టరమ్మ గది బయట కూర్చుంటావా?" అని. కూర్చున్నాను. ఏ రోగం, ఎలా వచ్చింది, ఎప్పటినుంచి అని అడగలేదు. నా జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. వారం రోజులుగా నిద్ర లేదట.

పిల్ల మొగుడికి కూడా డాక్టరమ్మ మందులు రాసింది, అతను వేసుకోకపోతే మళ్లీ అంటుకుంటుందని. సూరత్ మగ్గాల నుంచి రథయాత్రకు వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. అతని మాత్రలు పిల్ల అత్తగారి చేతిలో పెట్టాను.

"వాడికెందుకు వదినా ఇవి? రైలు ప్రయాణం కదా, ఒంటికి వేడి చేసింది, అంతే," అని ఆవిడ మాత్రలు కోడలి తలగడ కింద పెట్టి, కొడుక్కి చెంబెడు మజ్జిగ కలిపింది.